ఆకు చెప్పిన సాక్ష్యము

దీపావళినాటి రాత్రి మతాబులు, చిచ్చుబుడ్లు కాల్చిన తరువాత వీధిలో నిలిచియుండే ఘాటైన వాసన అందరికీ తెలిసినదే. మందుగుండులోని గంధకము మండినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. ఆ ఘాటులో ఎక్కువ పాలు దానిదే. మనము ముక్కు మూసుకొని ఇంటిలోనికి పోతాము, తలుపు వేసుకొంటాము. వాకిటిలోని మొక్క ఎక్కడికీ పోలేదు. దానికి ఉన్న తలుపులు ఆకు మీది పత్రరంధ్రములే. అవి మూసుకొంటే విషవాయువుతోపాటు, ఆహారము తయారుచేసుకొనుటకు కావలసిన కార్బన్ డయాక్సైడ్ కూడ లోనికి రాదు. తెరిస్తే రెండూ వస్తాయి. మొక్క ఇరుకున పడేది ఇక్కడ. గాలి చెడిపోవుట వలన మొక్కలకు కలిగే నష్టమును గురించి మూడున్నర శతాబ్దములుగా జరిగిన వాదములు, వ్యాజ్యములు, ప్రయోగములు చాలవరకు ఈ చిన్న తలుపుల చుట్టూ తిరిగినవే.

1661లో జాన్ ఎవిలిన్ అనే ఆంగ్లేయుడు లండను నగరపు పొగను గురించి ‘ఫ్యూమిఫ్యూజియమ్’ అనే చిన్న పుస్తకము వ్రాసి రెండవ చార్లెస్ రాజుకు సమర్పించినాడు. ఎవిలిన్ తోటల మీద, చెట్ల మీద మక్కువ కలవాడు. సముద్రపు బొగ్గు అని ఆ కాలములో పిలువబడిన నేలబొగ్గు పొగ మనుష్యుల ఊపిరితిత్తులనే కాక పూలమొక్కలను, పండ్లచెట్లను కూడ నాశనము చేస్తున్నదని ఆయన ఫిర్యాదు. దానికి ఆయన చూపిన ఆధారము ముచ్చటైనది. 1644లో అంతర్యుద్ధము జరుగుతుండగా బొగ్గు ఎగుమతి అయ్యే న్యూకాసిల్ పట్టణము ముట్టడిలో చిక్కుకొన్నది. లండనుకు బొగ్గు రాలేదు. ఆ సంవత్సరము నగరము నడిబొడ్డున ఉన్న తోటలు సైతము అంతకుముందు ఎన్నడూ కాయనంతగా, ఆ తరువాత కూడ కాయనంతగా కాచినవట. ఒక్క సంవత్సరపు పంటను బట్టి ఇంత మాట అనవచ్చునా అని మన విద్యార్థులు అడుగవచ్చును. అడుగవలసినదే. ఆ ఏడు వానలు, ఎండలు ఎట్లున్నవో ఆయన చెప్పలేదు. అయినా కారణమును తొలగించి ఫలితమును చూడుమనే పద్ధతి అందులో ఉన్నది. ఎవరూ తలపెట్టకుండానే యుద్ధము చేసిపెట్టిన ప్రయోగము అది.

పొగ నుండి వ్యాజ్యములోనికి

పందొమ్మిదవ శతాబ్దములో కథ వంటింటి పొయ్యిని దాటి కర్మాగారమునకు వచ్చినది. సబ్బులకు, గాజుకు, బట్టలను తెల్లబరచుటకు సోడా కావలెను. ఫ్రాన్సు దేశస్థుడు నికొలాస్ లెబ్లాంక్ 1791లో ఉప్పు నుండి సోడా తయారుచేసే పద్ధతికి హక్కు పత్రము పొందినాడు. ఆ పద్ధతిలో మొదటి మెట్టు ఉప్పుమీద గంధకామ్లము పోసి వేడిచేయుట. అప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పొంగుకొనివస్తుంది. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో దీనిని చిటికెడు ఉప్పుతో చేసి చూపిస్తారు. ఇంగ్లండులో లివర్‌పూల్ నగరమున 1823 నుండి జేమ్స్ మస్‌ప్రాట్ దీనిని పెద్ద ఎత్తున చేసినాడు. వాయువు అంతా గొట్టములోనుండి ఆకాశములోనికి పోయేది. చుట్టుపట్ల కంచెచెట్లు ఎండినవి, పొలములలో ఆకులు తెల్లబడినవి. భూస్వాములు కోర్టుకు ఎక్కినారు.

కర్మాగారముల వారు చేసిన మొదటి ఉపాయము పొగగొట్టమును ఎత్తు చేయుట. దాని ఫలితము ఊహించుట కష్టము కాదు. దగ్గరి రైతుకు కొంత ఊరట కలిగినది, దూరపు రైతు కొత్తగా నష్టపోయినాడు. నిజమైన ఉపాయము వేరొకటి ఉన్నది. ఈ వాయువు నీటిలో బహు తేలికగా కరుగుతుంది. కనుక గోపురము వంటి కట్టడములో పైనుండి నీరు జారవిడిచి, క్రిందినుండి వాయువును పంపితే చాలును. విలియమ్ గాసేజ్ ఈ గోపురమును 1836లోనే కనిపెట్టినాడు. కాని చట్టము నిర్బంధించే వరకు అందరూ దానిని వాడలేదు. 1863 నాటి క్షార కర్మాగారముల చట్టము, పుట్టిన హైడ్రోజన్ క్లోరైడులో నూటికి 95 పాళ్ళు పట్టి నిలుపవలెనని విధించినది. ఆ చట్టము క్రింద మొదటి తనిఖీ అధికారి రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. మాంచెస్టరు వానలను ఏండ్ల తరబడి పరీక్షించి ఆయన 1872లో వెలువరించిన గ్రంథములోనే ‘ఆమ్లవర్షము’ అనే మాట ప్రచారములోనికి వచ్చినది.

జర్మనీలోని సాక్సనీలో తగవు ఇంకొక రూపము ధరించినది. ఫ్రైబెర్గ్ ప్రాంతమున వెండి, సీసము ఖనిజములను కాల్చి లోహము తీసేవారు. ఈ ఖనిజములలో గంధకము దండిగా ఉంటుంది. చుట్టుప్రక్కల స్ప్రూస్ అడవులు ఎండిపోవుచుండగా, చంపుతున్నది ఏది అనే ప్రశ్న వచ్చినది. మసియా? పొగలోని ఆర్సెనిక్, సీసములా? లేక కంటికి కనబడని వాయువా? థారాంట్ అటవీ విద్యాలయములో పనిచేసిన అడాల్ఫ్ స్టోక్‌హార్ట్ చెట్లకు ఒక్కొక్కదానిని వేరువేరుగా పెట్టి చూచినాడు. ఒట్టి మసి పెద్దగా బాధించలేదు. సల్ఫర్ డయాక్సైడ్ అత్యల్పముగా ఉన్నా, పదే పదే తగిలితే సూదులవంటి ఆకులు ఎర్రబారి రాలిపోయినవి. 1883లో ష్రోడర్, రాయిస్ అనే ఇద్దరు హార్జ్ పర్వతములలోని కొలుముల పొగను గురించి పెద్ద గ్రంథమే వ్రాసినారు. ఇంత తెలిసిన తరువాత కూడ ఫ్రైబెర్గ్ సమీపమున 1889లో కట్టినది మళ్ళీ పొగగొట్టమే. హాల్స్‌బ్రూకె వద్ద 140 మీటర్ల ఎత్తున లేచిన ఆ గొట్టము ఆనాటికి ప్రపంచములోకెల్ల ఎత్తైనది.

స్ప్రూస్ చెట్టే ఎందుకు ముందు చచ్చినది? దాని ఆకు ఒక సంవత్సరములో రాలదు. అనేక సంవత్సరములు చెట్టుమీదనే ఉండి, శీతకాలములో కూడ విషమును కూడబెట్టుకొంటుంది. ఏటేటా ఆకు రాల్చి కొత్తది తొడుగుకొనే చెట్టు పాత అప్పును ఆకుతోపాటు విదిలించుకొంటుంది. లండను వీధులలో పొగకాలమంతా బ్రతికి బట్టకట్టిన ప్లేన్ వృక్షము అట్టిదే. పైగా దాని బెరడు కూడ పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది.

ఆకు లోపల ఏమి జరుగుతుంది?

పత్రరంధ్రము గుండా లోనికి వచ్చిన సల్ఫర్ డయాక్సైడ్ కణముల తడిగోడలలో కరుగుతుంది. కరిగి సల్ఫైటు, బైసల్ఫైటు అనే రూపములు పొందుతుంది. సల్ఫైటు కణమునకు విషము. మొక్క దానిని ఆక్సీకరించి సల్ఫేటుగా మార్చుకొంటుంది. సల్ఫేటు మొక్క వేళ్ళద్వారా రోజూ తీసుకొనే పోషకమే. సల్ఫేటుకంటె సల్ఫైటు సుమారు ముప్పది రెట్లు విషకరమని మోయర్ థామస్, ఆయన సహచరులు 1940లలో లెక్కగట్టినారు. కనుక అసలు ప్రశ్న వాయువు ఎంత వచ్చినదని కాదు, ఎంత వేగముగా వచ్చినదని. వచ్చిన వేగము మార్చుకొనే వేగమును మించితే కొన్ని గంటలలోనే ఈనెల మధ్యభాగము నీరుకారినట్లయి, పిమ్మట ఎండి తెల్లగానో గోధుమరంగుగానో అవుతుంది. ఈనెలు మాత్రము పచ్చగా మిగులుతాయి. మించకపోతే ఆకు పైకి పచ్చగానే ఉండవచ్చును. కాని సల్ఫేటు పేరుకొని, వారములు గడిచిన తరువాత ఆకు పసుపుబారి ముందుగా ముదిసిపోతుంది. ఈ మార్పు చేసే ఎంజైము మొక్కలలో ఉన్నదని తేలినది ఇటీవలనే, 2001లో. మిగిలిపోయిన గంధకమును హైడ్రోజన్ సల్ఫైడ్ రూపములో తిరిగి గాలిలోనికి వదలిపెట్టే మొక్కలు కూడ ఉన్నాయి. క్రుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన గల వాయువు అది. మొక్క తనకు అక్కరలేనిదానిని అట్లు బయటకు త్రోస్తుందని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యము కలిగినది.

ఆమ్లము హెచ్చితే పత్రహరితము కూడ చెడుతుంది. పత్రహరితపు అణువు నడుమ ఒక మెగ్నీషియము పరమాణువు ఉన్నది. ఆమ్లము దానిని ఊడదీసి ఆ స్థానములో హైడ్రోజనును పెడుతుంది. పచ్చని రంగు పాచిరంగుకు మారుతుంది. తోటకూరలో చింతపండు పులుసు పోసినప్పుడు రంగు మారుట మన వంటింటిలో రోజూ చూచేదే. జరిగేది అదే చర్య. కెనడాలోని సడ్బరీ ప్రాంతమున లెబ్లాంక్, డి. ఎన్. రావు అనే శాస్త్రజ్ఞులు 1966లో లైకెనులమీద దీనిని గుర్తించినారు. (ఈ లెబ్లాంక్ సోడా లెబ్లాంక్ కాడు.) లైకెను అంటే బూజు, శైవలము కలిసి కాపురము చేసే జీవి. మసాలా దినుసులలో వేసే రాతిపువ్వు అట్టిదే. దానికి పైపొర లేదు, మూసుకొనుటకు తలుపులూ లేవు. వాననీటిని, గాలిని ఒడలంతటితోను పీల్చుకొంటుంది. అందుచేత పెద్ద మొక్కలకంటె ముందుగా చచ్చేది అదే. పారిసులోని లక్సెంబర్గ్ తోటలో లైకెనుల ఉనికిని బట్టి గాలి మంచిచెడ్డలు చెప్పవచ్చునని విలియమ్ నైలాండర్ 1866లోనే వ్రాసినాడు.

ఇతర విషములు ఇతర గుర్తులు వదలుతాయి. ఫ్లోరైడు నీటితోపాటు ఆకు కొసకు, అంచుకు ప్రయాణము చేసి అక్కడ పేరుకొంటుంది. కనుక కొసలు మాడుతాయి. ఓజోను ఆకు పైభాగపు స్తంభకణములను చంపి చిన్న చిన్న చుక్కలు పెడుతుంది. ఇట్లు గుర్తును బట్టి దొంగను పట్టవచ్చునని అనిపిస్తుంది గాని, పురుగు, తెగులు, మంచు, పొటాషియము లోపము కూడ ఇంచుమించు ఇటువంటి మచ్చలే పెడుతాయి. కోర్టులలో ప్రతివాదుల తరఫున ఎప్పుడూ వినిపించిన వాదన ఇదే.

ట్రెయిల్ తగవు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రములో, అమెరికా సరిహద్దుకు కొద్ది మైళ్ళ దూరమున, కొలంబియా నది ఒడ్డున ట్రెయిల్ అనే ఊరు ఉన్నది. అక్కడ సీసము, జింకు తీసే పెద్ద కొలిమి ఉన్నది. 1925, 1927 సంవత్సరములలో ఆ కొలిమికి 409 అడుగుల ఎత్తు గొట్టములు రెండు కట్టినారు. 1930 నాటికి నెలకు సుమారు 10,000 టన్నుల గంధకము వాటిగుండా ఆకాశములో కలిసేది. ఒక టన్ను గంధకము సుమారు రెండు టన్నుల సల్ఫర్ డయాక్సైడుతో సమానము. నది అమెరికావైపు పారుతుంది, లోయలో గాలి కూడ నదివెంటనే నడుస్తుంది. సరిహద్దు ఆవల వాషింగ్టన్ రాష్ట్రపు రైతుల లూసర్ను గడ్డి, బార్లీ, పైన్ అడవులు దెబ్బతిన్నాయి. వేరొక దేశపు కర్మాగారముమీద ఏ కోర్టులో దావా వేయాలి? చివరకు రెండు ప్రభుత్వములు 1935లో ఒడంబడిక చేసుకొని మధ్యవర్తుల న్యాయసభను ఏర్పరచినవి. ఒక దేశము తన నేలమీదినుండి పొగ పంపి పొరుగుదేశమునకు తీవ్రమైన నష్టము కలిగించే హక్కు ఎవరికీ లేదని ఆ సభ 1941లో ఇచ్చిన తుదితీర్పు నేటికీ అంతర్జాతీయ న్యాయశాస్త్ర పాఠములలో ఉన్నది.

విజ్ఞానశాస్త్ర విద్యార్థికి ఆ తీర్పుకంటె దాని వెనుక జరిగిన పరిశోధన ముఖ్యము. లోయ పొడవునా వాయువును కొలిచే యంత్రములు పెట్టినారు. వింతయేమంటే, పొగ ఒక ఊరినుండి మరొక ఊరికి నడిచివచ్చినట్లు కాక, ప్రొద్దుటి పూట మైళ్ళ దూరములో ఉన్న చోట్ల అన్నింటిలోను ఇంచుమించు ఒకేసారి నేలకు దిగినది. రాత్రి చల్లని గాలి లోయ అడుగున కదలక పడియుంటుంది. పొగ దానిపైన చాపవలె పరచుకొంటుంది. సూర్యుడు నేలను వేడిచేసేసరికి గాలి పైకీ క్రిందికీ కలగలిసి, పైనున్న పొగ ఒక్కసారిగా దిగుతుంది. ఆకుల తలుపులు తెరుచుకొనేది కూడ ఆ వేళనే!

అంతకుముందు అమెరికాలోని సాల్ట్ లేక్ లోయలో పి. జె. ఓగారా అనే శాస్త్రజ్ఞుడు వందలాది మొక్కలను వాయువుతో పరీక్షించి, 1922లో ఒక పట్టిక ప్రకటించినాడు. లూసర్నును దెబ్బతీసే మోతాదును 1 అనుకొంటే మిగిలినవి ఎంత తట్టుకొంటాయి అనేది ఆ పట్టిక. బార్లీకి అంకె 1 దగ్గర, మొక్కజొన్నకు 4 దగ్గర. గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు ఒకటింబాతిక పాలు వాయువు గంటసేపు ఉంటే లూసర్ను ఆకు మాడుతుందని ఆయన తేల్చినాడు. ఓర్పును అంకెలలో పెట్టిన మొదటి పెద్ద ప్రయత్నములలో ఇది ఒకటి. ఓగారా జీతము తీసుకొన్నది లోహపు కంపెనీ దగ్గరనే. అంతమాత్రాన ఆయన కొలతలు తప్పు కావు. అయితే ఏ ప్రశ్న అడుగవలెనో నిర్ణయించుటలో జీతమిచ్చేవాని చేయి ఉంటుంది. అడిగిన ప్రశ్న ‘మచ్చ ఎప్పుడు పడుతుంది?’ అని. మచ్చ లేకుండానే పంట తగ్గదా అనే రెండవ ప్రశ్నకు కంపెనీల శాస్త్రజ్ఞులు, మాడిన ఆకు వైశాల్యము ఎంతో నష్టము అంతే, కనబడని నష్టము లేదు అని చాలకాలము సమాధానము చెప్పినారు. ఐరోపాలో కొందరు ఉన్నదనినారు. రైతుకు ఇది శాస్త్రచర్చ కాదు. మచ్చ చూపలేనివానికి పరిహారము రాదు.

ఈ చిక్కు విడుటకు అర్ధశతాబ్దము పట్టినది. ఇంగ్లండులో బెల్, క్లఫ్ అనేవారు 1973లో రైగడ్డిని 26 వారములపాటు, పదికోట్ల పాళ్ళలో ఏడు పాళ్ళకు మించని సల్ఫర్ డయాక్సైడులో పెంచినారు. ఆకులు మాడలేదు. కాని గడ్డి పొడిబరువు మంచిగాలిలో పెరిగినదానిలో సగమునకు దిగిపోయినది. పాత ప్రయోగములలో ఇది ఎందుకు కనబడలేదు? నాలుగేండ్ల తరువాత ఆష్‌ఎండెన్, మాన్స్‌ఫీల్డ్ అనేవారు ఒక కారణము చూపినారు. గాజుపెట్టెలో గాలి కదలదు. కదలని గాలి ఆకుచుట్టూ పలుచని దుప్పటివలె నిలుస్తుంది. వాయువు ఆ దుప్పటిని దాటి లోనికి పోవుట ఆలస్యమవుతుంది. పొలములో గాలి వీస్తుంది, దుప్పటి ఉండదు. పెట్టెలో క్షేమముగా ఉన్న మోతాదే పొలములో హాని చేయవచ్చును.

మన దేశములో మామిడి ‘నల్లముక్కు’ కథ కూడ ఇటువంటిదే. బీహారులో 1909 ప్రాంతమున మొదట గమనించిన ఈ తెగులులో కాయ కొస నల్లబడి మాడిపోతుంది. బూజు కాదు, పురుగు కాదు. 1940ల నాటికి దీనికి కారణము తోటల దగ్గరి ఇటుకబట్టీల పొగ అని తేలినది. ఇక్కడ ఆకులు చాలవరకు పచ్చగానే ఉంటాయి, సాక్ష్యము చెప్పేది కాయ. ఆకును మాత్రమే చూచినవానికి నేరము కనబడదు.

ఎండలో పుట్టే విషము

1944 ప్రాంతమున అమెరికాలోని లాస్ ఏంజిలిస్ చుట్టుపట్ల కూరతోటలలో పాలకూర, బీటుదుంప, లెట్యూసు ఆకుల అడుగుభాగము వెండిపూత పూసినట్లు, కంచురంగు వేసినట్లు మెరయసాగినది. ఇది గంధకపు గుర్తు కాదు. అక్కడ బొగ్గు వాడకము తక్కువ. మిడిల్టన్ బృందము 1950లో ఈ కొత్త రోగమును వర్ణించినది. అనాసపండు సువాసనను పరిశోధిస్తున్న హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తన పనిని ప్రక్కకు పెట్టి దీనిలోనికి దిగినాడు. పెట్రోలు ఆవిరులను ఓజోనుతో కలిపి మొక్కలకు పెడితే అదే మెరుపు వచ్చినది. మోటారుబండ్లనుండి వచ్చే ఆవిరులు, నైట్రొజన్ ఆక్సైడులు ఎండలో కలిసి ఉడికి కొత్త విషములను పుట్టిస్తున్నాయని ఆయన 1952లో చూపినాడు. ఏ గొట్టమునుండీ నేరుగా రాని విషము ఇది. కనుక ఏ గొట్టము యజమానిమీదా దావా వేయుటకు వీలులేదు.

ఓజోనుకు పొగాకు మంచి సాక్షి. ఆకుమీద పడే తెల్లని చుక్కలను రైతులు అంతవరకు వాతావరణమునకు అంటగట్టినారు. అవి ఓజోను పెట్టినవని 1959లో హెగెస్టాడ్, మిడిల్టన్ తేల్చినారు. చుట్టకు పైపొరగా చుట్టే ఆకుమీద చుక్కలుంటే ధర రాదు, కనుక ఓర్చే రకముల కొరకు వెదకినారు. ఆ వెదకులాటలో దొరికిన బెల్-డబ్ల్యు 3 అనే మహా సుకుమారమైన రకము మాత్రము ధర కొరకు కాక, ఓజోనును కనిపెట్టుటకు అనేక దేశములలో కుండీలలో పెంచబడినది.

ఓర్పు అంటే ఏమిటి?

ఒకే పొలములో ఒక మొక్క మాడి, ప్రక్కది ఎట్లు నిలుస్తుంది? ఉల్లిగడ్డ దీనికి సొగసైన జవాబు చెప్పినది. ఎంగిల్, గేబుల్మన్ అనేవారు 1966లో ఓజోనుకు ఓర్చే ఉల్లిని, ఓర్వని ఉల్లిని సంకరము చేసినారు. ఓర్పు చాలవరకు ఒకే బహిర్గత జన్యువు వలన వస్తున్నదని, మెండెల్ బఠాణీలవలె తరువాతి తరములలో విడిపోతున్నదని తేలినది. ఆ జన్యువు చేసే పని? ఓజోను సోకగానే ఓర్చే ఉల్లి పత్రరంధ్రములను మూసుకొంటుంది, ఓర్వనిది తెరిచి ఉంచుతుంది. అంతే.

ఇది తప్పించుకొనే ఓర్పు. రెండవది లోనికి రానిచ్చి అరిగించుకొనే ఓర్పు. విషవాయువులు కణములలో ఆక్సిజను యొక్క చురుకైన రూపములను పుట్టిస్తాయి. వాటికి ఎదురుపడే వస్తువులలో ముఖ్యమైనది ఆస్కార్బిక్ ఆమ్లము, అనగా ఉసిరికాయలోని సి-విటమిను. ఆవాల కుటుంబములోని ఒక చిన్న మొక్కలో ఆస్కార్బిక్ ఆమ్లము సరిగా తయారుచేయలేని ఉత్పరివర్తనము ఓజోనుకు త్వరగా మాడుతున్నదని 1996లో కనుగొన్నారు. సల్ఫైటును త్వరగా సల్ఫేటుగా మార్చుట, ఆమ్లమునకు లొంగక కణరసపు గుణమును నిలుపుకొనుట, మాడిన ఆకును విడిచి కొత్త ఆకు వేయుట కూడ ఈ రెండవ కోవకు చెందినవే.

ఓర్పు స్థిరము కూడ కాదు. లాంకషైరులో హెల్మ్‌షోర్ అనేచోట తరతరములుగా పొగలో పెరిగిన రైగడ్డి, పరిశోధనాలయము తయారుచేసిన ఎస్ 23 రకముకంటె సల్ఫర్ డయాక్సైడును బాగుగా తట్టుకొన్నదని బెల్, మడ్ 1976లో చూపినారు. ఓర్వని గడ్డి చచ్చి, ఓర్చేది మిగిలి విత్తనము కట్టినది. డార్విన్ చెప్పిన ఎన్నిక పచ్చికబయలులోనే జరిగినది. మాంచెస్టరులోని ఒక ఉద్యానములో కూడ గడ్డికి ఇటువంటి ఓర్పు కనబడినది. కాని నగరపు గాలి బాగుపడిన కొన్ని ఏండ్లకు మళ్ళీ పరీక్షించగా ఆ ఓర్పు మాయమైనది. ఓర్పునకు మొక్క ఏదో ఒక ధర చెల్లిస్తున్నదని, మంచిగాలిలో ఆ ధర దండుగ అని దీనిని బట్టి ఊహించవచ్చును.

మన దేశపు చెట్లను ఈ దృష్టితో తూచుటకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఎస్. కె. సింగ్, డి. ఎన్. రావు 1983లో ఒక సూత్రము చెప్పినారు. ఆకులోని ఆస్కార్బిక్ ఆమ్లము, మొత్తము పత్రహరితము, ఆకురసపు పి.హెచ్., ఆకులోని నీటి శాతము అనే నాలుగింటిని కొలిచి ఒక అంకె కట్టుట. పత్రహరితమునకు పి.హెచ్.ను కూడి, ఆ మొత్తమును ఆస్కార్బిక్ ఆమ్లముతో గుణించి, నీటి శాతమును కలిపి, 10తో భాగించవలెను. ఒక ఆకులో గ్రాముకు ఆస్కార్బిక్ ఆమ్లము 5 మిల్లీగ్రాములు, పత్రహరితము 4 మిల్లీగ్రాములు, పి.హెచ్. 6, నీరు 80 శాతము అనుకొంటే సూచిక 13 వస్తుంది. అంకె పెద్దదైతే ఓర్పు ఎక్కువ అని భావము. కళాశాల ప్రయోగశాలలో చేయదగిన కొలతలే కనుక దేశమంతటా విద్యార్థులు ఈ లెక్క కట్టినారు. మామిడి, మర్రి, రావి పలుచోట్ల పెద్ద అంకెలు తెచ్చుకొన్నవి. నా అభిప్రాయములో దీనిని కొంచెము జాగ్రత్తగా వాడవలెను. ఆస్కార్బిక్ ఆమ్లమును గుణకముగా పెట్టినందున దాని చిన్న తేడా పెద్ద తేడాగా కనిపిస్తుంది. అదే చెట్టు వేసవిలో ఒక అంకె, వానకాలములో ఒక అంకె ఇస్తుంది. అన్నిటికంటె మించి, ఇది పెరుగుదలను గాని, కాపును గాని కొలువదు.

ఇంకొక సంగతి. మన రహదారుల నడుమ గన్నేరు విరివిగా నాటుతున్నారు. దాని పత్రరంధ్రములు ఆకు అడుగున చిన్న గుంటలలో, నూగు వెంట్రుకల చాటున దాగి ఉంటాయి. అది బ్రతుకుతుంది, పూస్తుంది, దుమ్మును కూడ కొంత పట్టుకొంటుంది. కాని తలుపులు దాచుకొని బ్రతికే మొక్క వాయువును ఎక్కువగా లోనికి పీల్చి గాలిని శుభ్రపరుస్తుందని ఆశించుట తర్కమునకు నిలువదు. పీల్చి శుభ్రపరచగలిగేది తలుపులు తెరిచి ఉంచి, లోపల అరిగించుకొనగలిగిన మొక్క. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రముగా కలుషితమైనవని ప్రకటించిన ప్రాంతములలో విశాఖపట్నము, పటాన్‌చెరు-బొల్లారము రెండూ ఉన్నాయి. విశాఖ కొండల నడుమ గిన్నెవంటిది. ట్రెయిల్ లోయవలె అక్కడ కూడ గాలి నిలిచిపోయే వీలున్నది. అటువంటి చోట పచ్చని పట్టీ నాటేవారు ‘ఏది బ్రతుకుతుంది?’ అని మాత్రమే కాక, ‘ఏది పనిచేస్తుంది?’ అని కూడ చూడవలసియున్నది. పూర్తిగా సుకుమారమైన మొక్కలను కూడ అక్కడక్కడ ఉంచుట మంచిది. అన్నీ ఓర్చేవే అయితే గాలి చెడినదని చెప్పే సాక్షి ఉండదు.

ఐరోపాలో గత శతాబ్దము చివరి దశకములలో గంధకపు పొగ బాగా తగ్గినది. లండనులోను, పారిసు లక్సెంబర్గ్ తోటలోను లైకెనులు తిరిగి వచ్చినవి. దానితోపాటు ఎవరూ ఎదురుచూడని మరొకటి జరిగినది. స్కాట్లండులోను, ఉత్తర జర్మనీలోను ఆవాల జాతి నూనెపంటల ఆకులు పసుపుబారి, పూలు పాలిపోసాగినవి. పరీక్షించగా తేలినది గంధకపు లోపము. ఇన్నాళ్ళూ పొగగొట్టములు ఉచితముగా వేసిన ఎరువును ఇప్పుడు అక్కడి రైతు సంచులలో కొని చల్లుకొంటున్నాడు.